నవ్వుతూ దిగిన కొండ

మమ్మల్ని తెచ్చిన లారీ ఒక చెక్క వంతెన దగ్గర ఆగింది. రోడ్డు అక్కడితో సరి. ముందున్నదంతా కొండే.

చైనా యుద్ధానికి రెండేళ్ళ ముందు మాట ఇది. కాశ్మీరులో, కాల్పుల విరమణ రేఖకు ఇవతల, పన్నెండు వేల అడుగుల ఎత్తున మా పోస్టు. వంతెన దగ్గర ఉన్నదాన్ని కిందపోస్టు అనేవాళ్ళు. డాక్టరు, వంటశాల, సామాను మోసే కంచరగాడిదలు, యాభై మంది జవాన్లు అక్కడే. పైన ఉండాల్సింది మేము పదకొండు మందిమి.

నవంబరు చివర. గాలి ఉత్తరం నుంచి కొడుతోంది. ఒక్కొక్కడి వీపున రైఫిలు, రెండు కంబళ్ళు, గొర్రెతోలు లోపలికి కుట్టిన కోటు, కిరోసిన్ డబ్బా. పొద్దున బయలుదేరితే ఎక్కేసరికి సాయంత్రమైంది. సగం దారిలో మంచు మొదలైంది. బెంగుళూరు పక్క హొసకోటె వాణ్ణి, అంతకుముందు మంచు ముఖం ఎరగను. అరచేతిలో పట్టుకుని వాసన చూశాను. వాసనేమీ లేదు.

వెనక నుంచి ఎవరో తెలుగులో అన్నారు.

"నాకి చూడప్పా. ఉప్పుంటాదేమో."

తిరిగి చూశాను. వీపు మీద వైర్‌లెస్ సెట్టు, మెడలో మఫ్లరు, ముక్కు చివర ఎర్రగా కందిపోయిన మనిషి. మా వైర్‌లెస్ ఆపరేటరు. చిక్కబళ్ళాపురం వాడు. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం, నాలాగే. పదకొండు మందిలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. ఆ రాత్రి నుంచే ఒకడి పక్కన ఒకడు పడుకున్నాం.

బంకరు అంటే రాళ్ళు పేర్చి, పైన రేకు వేసి, రేకు మీద మట్టి కప్పిన గది. మధ్యలో బుఖారీ అని కిరోసిన్ పొయ్యి. దాని మసికి పొద్దున ఉమ్మితే నల్లగా పడేది. బయటికి వెళ్ళాలంటే పారతో తలుపు ముందు మంచు తీయాలి. మా పని ఎదుటి కొండను కనిపెట్టి చూడటం. రోజుకు రెండు పూటలా ఆపరేటరు కిందపోస్టుకు కబురు చెప్పేవాడు. అన్ని రోజులూ ఒకటే కబురు: కదలిక లేదు, అందరూ క్షేమం.

డిసెంబరు మధ్యకు దారి మూసుకుపోయింది. నడిస్తే నడుము దాకా దిగబడుతోంది. అప్పుడు హవల్దారు మమ్మల్ని వరుసలో నిలబెట్టాడు. కుమావు కొండల మనిషి ఆయన. సగం మీసం తెల్లబడింది.

"సైకిలు తొక్కడం ఎవరికి వచ్చు?" హిందీలో అడిగాడు.

నేను చెయ్యెత్తాను. ఈ మంచులో సైకిలు ఎక్కడిదా అని కూడా తట్టలేదు. అందరూ నవ్వారు. హవల్దారు నవ్వలేదు. గోడకు ఆనించిన చెక్క స్కీలు రెండు, మంచు మీద జారడానికి కాళ్ళకు కట్టుకునే పొడుగాటి బద్దలు, తీసి నా ముందు పడేశాడు. పోస్టుకు రెండే జతలు. ఒకటి ఆయనది. ఇంకొకటి ఆ రోజు నాదయింది.

సైకిలు నాకు వచ్చు అంటే మామూలుగా రావడం కాదు. సైన్యంలో చేరేదాకా హొసకోటె నుంచి బెంగుళూరు సిటీ మార్కెట్టుకు కొత్తిమీర, మెంతికూర బుట్టలు వేసుకుని తెల్లవారేలోగా చేరేవాణ్ణి. వెనక నా అంత బరువు, ముందు లాంతరు. బరువు ఏ పక్కకు ఒరిగితే ఒళ్ళు ఏ పక్కకు వంచాలో ఎవరూ చెప్పక్కర్లేదు. స్కీలకు కావలసింది అదేనని హవల్దారు లెక్క.

లెక్క సరైందే, కానీ అది తేలడానికి ముందు చాలా పడ్డాను. పోస్టు వెనక వాలు మీద రోజూ నేర్పేవాడు. మోకాళ్ళు బూరెల్లా వాచాయి. బంకరు కప్పు మీద కూర్చుని ఆపరేటరు నేను పడిన ప్రతిసారీ ఈల వేసేవాడు.

"లెయ్యప్పా లెయ్! కొండకు నొప్పి పుడతా ఉండాది."

హవల్దారు ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. "కళ్ళు ఎక్కడ పెడితే ఒళ్ళు అక్కడికే పోతుంది. గుంతను చూడకు. దారిని చూడు."

ఒక పొద్దున పడలేదు. ఎందుకు పడలేదో తెలియదు. ముందురోజు దాకా నేను కొండతో పోట్లాడుతున్నాను. ఆ రోజు అది తన వీపు మీద నన్ను ఎక్కించుకున్నట్టయింది. కింద ఆగి వెనక్కి చూస్తే తెల్లటి వాలు మీద నా రెండు గీతలు. ఎక్కడా తెగలేదు.

అప్పటి నుంచి కబుర్లు మోసే పని నాది. వారానికొకసారి, వాతావరణం ఒప్పుకుంటే, కిందపోస్టుకు దిగి ఉత్తరాలు, బ్యాటరీలు, మందులు తెచ్చేవాణ్ణి. దిగడానికి ముప్పావుగంట. ఎక్కడానికి రోజంతా. ఎక్కేటప్పుడు స్కీల అడుగున తోలు పట్టీలు కట్టుకోవాలి, వెనక్కి జారకుండా. దారి నాకు నోటికొచ్చు. మొదట గుర్రం మెడలాంటి గట్టు. తర్వాత పెద్ద కళాయిలాంటి లోయ, చెట్టూ పుట్టా లేనిది. ఆ కింద తెల్ల బెరడు భూర్జ చెట్లు. చివర ఏరు, వంతెన.

ఊళ్ళో జనం నన్ను అడిగేది వేరే. ఎంతమందిని కాల్చినావు, శత్రువు ఎట్లుంటాడు అని. ఒక్కణ్ణీ కాల్చలేదు. శత్రువు అవతలి కొండ మీద బట్టలు ఆరేసుకునే చుక్క. నాకు ఆ పోస్టులో దొరికింది యుద్ధం కాదు. దాన్ని ఏమనాలో ఇప్పటికీ తెలియదు. ఇంట్లో ఆరుగురిలో పెద్దవాణ్ణి. పుట్టినప్పటి నుంచీ ఎవరికో ఏదో మోస్తూనే ఉన్నాను. సైన్యంలోనూ అంతే. ఆ కళాయి లోయలో దిగేటప్పుడు మాత్రం వీపున సంచి ఉన్నా బరువు ఉండేది కాదు. గాలి చెవుల్లో హోరుమనేది, అంతే. నన్ను పిలిచేవాళ్ళు లేరు. నేను ఎవరి కొడుకునీ కాను, ఎవరి జవానునీ కాను. ఒళ్ళు ఏం చేయాలో ఒంటికే తెలిసేది. నేను పుట్టింది దీనికేనేమో అనిపించేది. కూర బుట్టలవాడి కొడుక్కి ఆ మాట పైకి అనడానికి సిగ్గు. అయినా అనిపించేది.

రాను రాను సాకులు వెతకడం మొదలుపెట్టాను. అగ్గిపెట్టెలు తక్కువైతే నేను తెస్తానని నిలబడేవాణ్ణి. ఆపరేటరు కనిపెట్టాడు.

"నీకు కొండ పిచ్చి పట్టిండాది," అన్నాడు ఒకరోజు, హెడ్‌ఫోను ఒక చెవి మీంచి తీసి. "ఉప్పు నిండా ఉండాది గదా. యాల ఉప్పుకని పోతావు?"

"ఉండనీ అప్పా. పడుంటాది."

"సరే. పోతే నా మిషన్‌కి బ్యాటరీ తే. చలికి సచ్చిపోతా ఉండాది."

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం గాలివాన, అంటే మంచువాన, మొదలైంది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. కొంచెంసేపటికి వైర్‌లెస్ మూగబోయింది. బయట ఏరియల్ కడ్డీ విరిగి ఉంటుందని ఆపరేటరు లేచాడు. హవల్దారు వద్దన్నాడు, గాలి తగ్గనిమ్మన్నాడు. నడుముకు తాడు కట్టుకుంటాను, పది అడుగులే కదా అన్నాడు ఆపరేటరు. తాడు రెండో కొస తలుపు గుంజకు కట్టి వెళ్ళాడు.

ఎంతకీ తిరిగి రాలేదు. తాడు గుంజకే ఉంది. అవతలి కొస రాతికి ఒరుసుకుని తెగింది. మేం లాగితే ఖాళీగా వచ్చింది.

గొలుసులా చేతులు పట్టుకుని వెతికాం. హవల్దారు ముందు, నేను వెనక. మూడు గంటలు పట్టింది. గట్టు కింద రాళ్ళ సందులో పడి ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద విరిగి, మంచులో కూరుకుపోయి ఉంది. చేతుల్లో మటుకు కడ్డీ ముక్క గట్టిగా పట్టుకునే ఉన్నాడు. బంకరులోకి తెచ్చి బూటు కోసి తీశాం. పాదం తెల్లగా మైనం ముద్దలా ఉంది. తాకితే తెలియలేదన్నాడు. కాలికి చెక్కలు కట్టాం. ఇక మాకు చేతనైంది లేదు. వైర్‌లెస్ లేదు. తెల్లవారేదాకా గాలి ఆగలేదు.

తెల్లవారగానే ఆగింది. ఒక్కసారిగా, ఎవరో తలుపు మూసినట్టు. హవల్దారు నా స్కీలకు తనే మైనం రుద్దాడు.

"డాక్టర్ని, ఎనిమిది మందిని, స్ట్రెచర్‌ని పంపమను. కాలు చచ్చిపోతోంది అని చెప్పు. ఆ మాటే చెప్పు. పో."

ఆపరేటరు కంబళ్ళ కింది నుంచి చూస్తున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"జాగ్రత్తగా పోప్పా," అన్నాడు. "నువ్వు పడితే నేనూ పోతాను."

గట్టు దాటేదాకా ఆ మాట నా చెవుల్లో ఉంది. ఇది ఒట్టేసి చెప్పగలను. గట్టు దాటి కళాయి లోయ అంచుకు వచ్చాను.

రాత్రంతా పడిన మంచు. ఒక్క పక్షి అడుగు కూడా లేదు. సూర్యుడు అప్పుడే ఎదుటి కొండ ఎక్కాడు. లోయ మొత్తం వెలుగుతో నిండి ఉంది. అంత మంచు, అంత మెత్తగా, ఆ చలికాలంలో మళ్ళీ చూడలేదు. దూకాను. మోకాళ్ళ దాకా మంచు లేచి రెండు పక్కలా నీళ్ళలా చీలిపోతోంది. మలుపు తిరగాలనుకునేలోగా మలుపు తిరిగిపోతున్నాను. అంత బాగా నేనెప్పుడూ దిగలేదు. నావల్ల అవుతుందని కూడా తెలియదు. భూర్జ చెట్ల మధ్య ఒక్క కొమ్మ తగలలేదు. వేగం తగ్గించలేదు, ఆగలేదు, పడలేదు. వంతెన ఎప్పుడు వచ్చిందో తెలియనే లేదు.

కిందపోస్టు కాపలావాడు నన్ను దూరం నుంచే చూసి కేక వేశాడు. మనుషులు బయటికి వచ్చారు. వంటవాడు చేతిలో గరిటెతో, డాక్టరు సగం ముఖానికి గడ్డం సబ్బుతో. అందరూ నవ్వుతున్నారు. వంటవాడైతే చప్పట్లు కొట్టాడు.

"ఏంటి అంత సంతోషం?" డాక్టరు అడిగాడు. "అందరికీ సెలవులు ఇచ్చేశారా?"

నాకు అర్థం కాలేదు. వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారా అనుకున్నాను. అప్పుడు నా బుగ్గలు నొప్పి పుడుతున్నాయని తెలిసింది. పళ్ళు చల్లబడ్డాయి. నేను నవ్వుతున్నాను. ఎంతసేపటి నుంచో నవ్వుతున్నాను. ముప్పావుగంట దిగాల్సిన కొండను అరగంటలో దిగాను, అందులో లోయ అంచు నుంచి వంతెన దాకా ఆపరేటరు నా తలలో లేడు. ఒక్క మలుపులో కూడా లేడు.

"కాలు చచ్చిపోతోంది," అన్నాను.

ముఖం ఇంకా నవ్వు నుంచి పూర్తిగా బయటికి రాలేదు. డాక్టరు మొదట వేళాకోళం అనుకున్నాడు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. వంటవాడు గరిటె కిందికి దించాడు.

వాళ్ళు వెంటనే బయలుదేరారు. ఒక్క నిమిషం వృథా చేయలేదు. అయినా ఎక్కడం ఎక్కడమే. వాళ్ళతో నేనూ ఎక్కాను, సాయంత్రానికి చేరాం. మర్నాడు ఆపరేటర్ని స్కీల మీద కట్టిన స్ట్రెచర్‌లో మెల్లగా జార్చుకుంటూ దించాం. ముందు తాడు పట్టుకుని నేను. అదే లోయ. నా ముందురోజు గీతలు దాని మీద ఇంకా ఉన్నాయి. వయ్యారంగా, ఒక దాని వెంట ఒకటి, పెళ్ళిముగ్గులా. స్ట్రెచర్ మోసేవాళ్ళలో ఒకడు చూసి, ఎంత అందంగా దిగావయ్యా అన్నాడు. నేను తల ఎత్తలేదు.

ఆస్పత్రిలో కాలు మోకాలి కింద తీసేశారు. నేను ఎగిరి వచ్చినా ఆ పాదం దక్కేది కాదని, రాళ్ళ సందులోనే పోయిందని, ప్రాణం మాత్రం వేగంగా దిగినందువల్ల దక్కిందని డాక్టరు నా భుజం తట్టి చెప్పాడు. ఆ మాట నాకు పనికి రాలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు సైన్యంలో ఉన్నాను. మళ్ళీ స్కీలు కట్టుకోమన్నప్పుడు మోకాలు నొప్పి అన్నాను. మోకాలికి ఏ నొప్పీ లేదు. ఇంకొకడికి నేర్పారు. వాడు దిగుతుంటే లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి.

బెంగుళూరు వచ్చాక ఒక కర్మాగారంలో కాపలా ఉద్యోగం దొరికింది. మడివాళలో ఒక గది. మళ్ళీ సైకిలు. ఒకరోజు చిక్కబళ్ళాపురం నుంచి మనిషి వచ్చాడు. ఆపరేటరు రేడియో రిపేరీ అంగడి పెడుతున్నాడు, నేను తప్పక రావాలి. వెళ్ళాను. పెన్షను డబ్బుతో, మామగారి సాయంతో పెట్టాడట. కొయ్యకాలు, దానికి తళతళలాడే నల్ల బూటు. బజారు జనమంతా ఉన్నారు. నన్ను చూడగానే గట్టిగా అరిచాడు.

"ఈయప్పే! ఈయప్పే నన్ను బతికించింది. కొండ మీంచి పక్షి మాదిరి దిగినాడు నా కోసం!"

నా మెడలో చామంతిపూల దండ పడింది. ముసలావిడ ఒకావిడ, అతని తల్లి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను చచ్చిపోయాను. దండ తీసి బల్ల మీద పెట్టాను. మళ్ళీ వేశారు.

జనం వెళ్ళాక అంగడిలో మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పేశాను. ఇక మోయలేక కాదు. ఆ ముసలావిడ చేతుల తడి ఇంకా నా చేతుల మీద ఉంది, అందుకని.

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"నవ్వుతా పోయినావా?"

"ఊఁ."

"నేను గుర్తుకే రాలేదా?"

"లేదు."

విప్పిన రేడియో లోపలికి చూస్తూ కూర్చున్నాడు.

"నేను ఆడ పండుకోని, పాపం ఏడుస్తా పోతా ఉండాడేమో అనుకొంటి," అన్నాడు చివరికి. "నీ కోసం దేవునికి మొక్కుకొంటి నేను. పడకూడదని."

"తిట్టు అప్పా. ఏమన్నా అను."

"ఏమని తిట్టేది? బిరబిరా పోయి చెప్పినావు. ఇంగేం కావల్ల?" కొంచెం ఆగాడు. "నాకూ స్కీలు వచ్చుంటే నేనూ నవ్వేవాణ్ణేమో. ఏడ్చేవాణ్ణేమో. నాకేం తెలుసు? నేను ఒకతూరి కూడా దిగిండ్లేదు గదా."

ఇంటికి పొమ్మంటాడనుకున్నాను. అనలేదు.

"నీ సైకిలు గట్టిదేనా?" అన్నాడు. "ఆదివారం రా. నందికొండకు పోదాం. పైనుంచి దించు నన్ను. నవ్వు దానంతటదే వస్తాదో, నువ్వే నవ్వినావో, చూడల్ల."

వేళాకోళం కాదు. ముఖంలో నవ్వు లేదు. రానని ఎలా అంటాను?

ఆదివారం సైకిలును బస్సు పైన వేయించి, చిక్కబళ్ళాపురం పక్కనున్న నందికొండ ఎక్కాం. పైన అతను రాతి మీద కూర్చుని పంట్లాం కాలు పైకి లాగి, పట్టీలు విప్పి, కొయ్యకాలు తీసేశాడు. దాని పాదం మడవడానికి రాదు, వేలాడి చక్రంలో పడుతుంది అన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి తువ్వాలుతో హ్యాండిలుకు అడ్డంగా కట్టాడు. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. క్యారియరు మీద ఎక్కి నా నడుము పట్టుకున్నాడు.

"పోనీ."

మొదటి మలుపులో బ్రేకు పట్టాను. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

"పట్టద్దు. నా కోసం పట్టద్దు. ఆ పొద్దు ఎట్ల పోయినావో అట్లనే పోనీ."

బ్రేకు వదిలేశాను. గాలి చెవుల్లోకి వచ్చింది. రోడ్డు పక్క రాళ్ళు గీతలైపోయాయి. రెండో మలుపు. మూడో మలుపు. అతని వేళ్ళు నా చొక్కాలో గుచ్చుకున్నాయి. వెనక ఏ చప్పుడూ లేదు. నాలుగో మలుపు తిరిగి పొడుగాటి వాలులోకి పడగానే మొదలైంది. ముందు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చిన్న శబ్దం. తర్వాత ఆగలేదు. పసిపిల్లవాడిలా, కడుపులోంచి, ఊపిరాడనట్టు నవ్వుతున్నాడు. నా వీపుకు తల ఆనించి నవ్వుతున్నాడు. మధ్యలో "అయ్యో, అయ్యో" అంటున్నాడు. వీపు మీద చొక్కా తడిసింది. చెమటో, కన్నీళ్ళో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

నేను నవ్వలేదు. నవ్వడానికి లేదు. నా కళ్ళ ముందు, హ్యాండిలు మీద, తువ్వాలు ముడిలో అతని కాలు ఉంది. పొద్దున్నే పాలిష్ చేసిన బూటు, మూడు వరుసల్లో పొందికగా కట్టిన లేసు. గతుకు వచ్చినప్పుడల్లా అది అడుగు వేయబోతున్నట్టు కొంచెం లేచి, మళ్ళీ పడేది. కొండ దిగినంతసేపూ రోడ్డును ఆ బూటు మీదుగానే చూశాను.